సీసాలో బంతి ఎటు వాలింది

ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా పాఠం వల్ల ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో నాకు తెలియదు. ఒక మనిషికి ఉన్న ఉద్యోగం పోయిందని మాత్రం కచ్చితంగా తెలుసు. కొత్తగా సైన్సు టీచర్లుగా చేరుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ప్రయోగాలు ఎలా చేయించాలని అడుగుతుంటారు. వాళ్ళకి నేను బాగా చేసిన ప్రయోగాల గురించి చెప్పను. ఇది చెబుతాను.

అప్పట్లో సత్తెనపల్లి శివార్లలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేదాన్ని. ప్రైవేటు స్కూళ్ళ సంగతి మీకు తెలిసిందే, పాఠం చెప్పడంతో పని తీరదు. ఒకరికి అడ్మిషన్లు, ఇంకొకరికి వార్షికోత్సవం, నాకు బస్సులు అప్పగించారు. మూడు బస్సులు, ముగ్గురు డ్రైవర్లు, ఒక రిజిస్టరు. అందులో టైర్లు, లైట్లు, బ్రేకులు, మందుల పెట్టె అని గళ్ళు ఉండేవి. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ గళ్ళలో టిక్కులు పెట్టి కింద సంతకం చేయాలి. చేసేదాన్ని. ఒక్కసారి కూడా వంగి బస్సు కిందికి చూడలేదు. చూసినా నాకేం అర్థమవుతుందిలే అనుకునేదాన్ని.

ముప్పాళ్ళ వైపు ఊళ్ళకు తిరిగే బస్సును యాభై ఏళ్ళ మనిషి ఒకాయన నడిపేవాడు. ఊళ్ళోని ముస్లిం కుటుంబం. చిన్నప్పుడు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకున్నాడు, తర్వాత చాలా ఏళ్ళు గుంటూరు యార్డుకు మిర్చి లారీ తోలాడు. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. మాట తక్కువ. మిగతా ఇద్దరు డ్రైవర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే, ఈయన బస్సు కింద గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. నిద్రపోతున్నాడని స్టాఫ్‌రూములో నవ్వుకునేవాళ్ళం. లారీ బుద్ధి ఎక్కడికి పోతుంది అని ఒకరన్నారు. మాట్లాడని మనిషి ఏదో దాస్తున్నాడని ఇంకొకరన్నారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఆ ఏడాది సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక రోజు ఆయన నా క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బ్రేకు తొక్కితే బండి ఎడం పక్కకి లాగుతోందని, ఒక పూట షెడ్డుకు పంపితే మంచిదని చెప్పాడు. నేను కరస్పాండెంట్ గారి చెవిన వేశాను. స్కూలు ఆయనదే, నిర్ణయాలూ ఆయనవే. బస్సు షెడ్డులో పెడితే పిల్లల్ని ఎవరు తీసుకొస్తారు, ప్రీ-ఫైనల్ పరీక్షలు అయ్యాక చూద్దాం అన్నారు. అదే మాట భాయ్‌కి చెప్పాను. రెండు వారాల తర్వాత ఆయన మళ్ళీ వచ్చి అదే చెప్పాడు. చెప్పాను కదా భాయ్ అని కాస్త విసుక్కున్నాను. ఆ శనివారం కూడా బ్రేకుల గడిలో టిక్కు పెట్టాను.

ఆ తర్వాత నాలుగు రోజులకే, బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ పడిపోయింది.

సాయంత్రం పిల్లల్ని దించడానికి వెళుతున్న బస్సు అది. ముప్పాళ్ళ ఇంకా రెండు మైళ్ళు ఉందనగా, మిర్చి బస్తాలు వేసుకుని వెళుతున్న ట్రాక్టరు ఒకటి ముందు నెమ్మదించింది. వచ్చే స్టాపులో దిగాల్సిన పిల్లల బ్యాగులు అందించడానికి ఆయమ్మ అప్పుడే లేచి నిలబడింది. బస్సు ఒక్కసారిగా కుదిపింది. ఆమె ఎగిరి డ్రైవరు పక్కనున్న ఇంజన్ బానెట్ మీద పడింది, మణికట్టు ఎముక విరిగింది. ఇద్దరు పిల్లలకు ముందు సీటు కమ్మీ తగిలి పెదవులు చిట్లాయి. ఇంకేమీ కాలేదు. కానీ పెదవి చిట్లిన పిల్లవాడిని చూసిన తల్లికి ఇంకేమీ కాలేదని ఎవరు చెప్పగలరు?

మర్నాటి పొద్దుటికల్లా స్కూలంతా ఒకటే మాట. డ్రైవరు ఫోను మాట్లాడుతూ నడుపుతున్నాడట. ఎవరు చెప్పారంటే ఆయమ్మే చెప్పిందట. నేను ఆస్పత్రికి వెళ్ళి ఆమెను చూశాను. చేతికి పట్టీతో పడుకుని ఉంది. ఫోను మోగిందమ్మా, ఆ వెంటనే పడ్డాను అని చెప్పింది. ఎలా పడ్డావని అడిగితే ముందుకు, బానెట్ మీదికి అంది. నేను కాగితం మీద రెండే విషయాలు రాసుకున్నాను. ఫోను. పడింది. ఎటు పడిందో రాసుకోలేదు. జడత్వం గురించి ఏటా పాఠం చెప్పేదాన్ని, ఎటు పడిందో రాసుకోవాలని తోచలేదు.

భాయ్ కరస్పాండెంట్ గారికి తన వైపు మాట చెప్పుకున్నాడట. బ్రేకు మీద కాలు మెల్లగానే పెట్టాననీ, అది ఒక్కసారిగా పట్టేసి బండి ఎడమకు గుంజిందనీ. ఆ మాట కరస్పాండెంట్ గారి నోటి నుంచే విన్నాను. తప్పు చేసినవాడు బండి మీద పెట్టక ఎవరి మీద పెడతాడు అన్నారాయన. నాకూ అలాగే అనిపించింది. అసలు ఇంతకుముందు రెండుసార్లు వచ్చి బ్రేకు గురించి చెప్పింది కూడా ఇలాంటి రోజు కోసం ముందుగా సాకు సిద్ధం చేసుకోవడానికేనేమో అన్నంత దూరం వెళ్ళింది నా బుర్ర. అనుమానం మొదలైతే మనిషి చేసిన మంచి పని కూడా ఎత్తుగడలాగే కనిపిస్తుంది.

వేరే డ్రైవరు దొరికేదాకా ఆయనే నడపాలి. ఈలోగా తల్లిదండ్రులకు చూపించడానికి ఏదైనా ఆధారం ఉంటే బాగుంటుందని కరస్పాండెంట్ గారు అన్నారు. మీరు ఫిజిక్స్ కదా మేడమ్, ఏదైనా ఆలోచించండి అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా నచ్చింది.

త్వరణం ఎటు ఉందో చూపించడానికి క్లాసులో నేను ఎప్పుడూ దారానికి నట్టు కట్టి వేలాడదీసేదాన్ని. బండి ముందుకు దూకితే నట్టు వెనక్కి వాలుతుంది, బ్రేకు వేస్తే ముందుకు ఊగుతుంది. పిల్లలు బస్సులో తూలినట్టే. కానీ ముప్పాళ్ళ రోడ్డు మీద నట్టు పిచ్చిగా గిరగిరా తిరుగుతుంది, ఏమీ తెలియదు. అందుకని వేరే పరికరం చేశాను. మామిడికాయ పచ్చడి సీసా ఒకటి శుభ్రంగా కడిగి, మూత లోపలి వైపు దారం అతికించి, దారం రెండో కొసకు చిన్న థర్మాకోల్ బంతి కట్టాను. సీసా నిండా నీళ్ళు పోసి మూత బిగించి తలకిందులు చేస్తే, బంతి పైకి తేలి దారం చివర నిటారుగా నిలబడింది. నీళ్ళలో ఉంది కాబట్టి చిన్న చిన్న కుదుపులకు ఊగదు, అసలైన తోపుకు మాత్రమే వాలుతుంది. సీసాను అట్టపెట్టె అడుగున అతికించి, దాని చుట్టూ ముందు, వెనక, కుడి, ఎడమ అని రాశాను. వెలుతురు కోసం పక్కన కిటికీ కోశాను. పెట్టె పైభాగంలో బెజ్జం చేసి పాత ఫోను బోర్లించాను, వీడియో తీయడానికి. పెట్టె మీద ల్యాబ్ సామాను అని రాశాను.

దాన్ని బస్సులో పెడుతుంటే భాయ్ వచ్చాడు. ఏమిటని అడిగాడు. ముప్పాళ్ళలో ఒకరికి ఇవ్వాల్సిన సామాను, వాళ్ళు రాకపోతే తిరిగి తెచ్చేయండి అని అబద్ధం చెప్పాను. గాజుదా అన్నాడు. అవునన్నాను. పగలకుండా ఉండాలని ఆయనే తాడు తెచ్చి, తన వెనక సీటు కాళ్ళకు పెట్టెను నాలుగు వైపులా బిగించి కట్టాడు. ఊపి చూసి, కదలడం లేదని నిర్ధారించుకుని వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. ఆ పెట్టె అంత బాగా కట్టి ఉండకపోతే నా వీడియో పనికొచ్చేదే కాదు.

రెండు రోజులు అలా తీశాను. ఇంటికొచ్చి చూశాను. పిల్లల అరుపులకు తలనొప్పిగా ఉంటే సౌండు తీసేశాను. వీడియోలో సీసా, బంతి, నేను రాసిన నాలుగు మాటలు తప్ప ఏమీ కనిపించవు. చాలాసేపు బంతి ముందుకు మెల్లగా వాలుతూ, మళ్ళీ నిలబడుతూ ఉంది. అది మామూలే అనుకున్నాను. కానీ అప్పుడప్పుడు, దారిలో ఏడెనిమిది సార్లు, బంతి చటుక్కున వెనక్కి, ఎడమకు వాలింది. మళ్ళీ మళ్ళీ చూశాను. వెనక్కి వాలిందంటే బస్సు ముందుకు దూకింది. ఎడమకు వాలిందంటే బస్సు కుడికి తిరిగింది. ముందుకు దూకుతూ కుడికి తిరగడమంటే ఇంకేముంది, ఓవర్‌టేకు. పిల్లలున్న బస్సుతో ఆ ఇరుకు రోడ్డు మీద దారిలో ఏడెనిమిది ఓవర్‌టేకులు. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండటంతోపాటు సంతోషం కూడా వేసింది. పట్టుకున్నాను అనుకున్నాను.

రెండు పేజీల రిపోర్టు రాశాను. బాణాల బొమ్మలు కూడా వేశాను.

తల్లిదండ్రుల మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టారు. స్మార్ట్ బోర్డు ఉన్న గదిలో ముప్పై మంది దాకా కూర్చున్నారు. పెదవి చిట్లిన పిల్లవాడి తండ్రి, కిరాణా కొట్టు వ్యాపారి, ముందు వరసలో చేతులు కట్టుకుని ఉన్నాడు. భాయ్‌ని గోడ పక్కన నిలబెట్టారు. నేను వీడియో పెట్టి, బంతి వాలిన ప్రతిసారీ ఆపి వివరించాను. ఇదిగో దూకాడు, ఇదిగో కుడికి కోశాడు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఫోను మాట్లాడుతూ గట్టిగా బ్రేకు వేశాడన్నది మొదటి ఫిర్యాదు. బ్రేకు కాదు, స్పీడు పెంచాడన్నది నా రిపోర్టు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. రెండూ ఒకే మనిషి మీద నేరాలు కాబట్టి రెండూ నిజమే అనిపించాయి.

ఆ పెట్టెలో కెమెరా పెట్టానని ఆయనకు తెలిసింది కూడా అప్పుడే. ఆయన నావైపు ఒకసారి చూశాడు. నువ్వేమంటావని కరస్పాండెంట్ గారు అడిగితే, ఇంకోసారి వేసి చూపించమన్నాడు. వేశాను. శ్రద్ధగా చూశాడు.

"సౌండు పెట్టండి మేడమ్," అన్నాడు.

పెట్టాను. గది నిండా పిల్లల గోల. దాని వెనక ఇంజను మోత. బంతి మెల్లగా ముందుకు వాలింది. అదే సమయంలో ఇంజను గుర్రుమని, గేరు మారి, మోత పెరిగింది. బస్సు స్టాపు నుంచి బయలుదేరుతోంది. నా లెక్కలో బంతి ముందుకు వాలితే అది బ్రేకు కావాలి. కాసేపటికి మోత తగ్గింది, టైరు కీచుమంది, పిల్లలంతా ఒక్కసారిగా ఓ అన్నారు, బంతి చటుక్కున వెనక్కి, ఎడమకు పోయింది.

భాయ్ నెమ్మదిగా అన్నాడు. "నేను చదువుకోలా. కానీ పిలకాయలు పుట్టినరోజుకి గ్యాసు బెలూన్లు తెస్తారు మేడమ్. బ్రేకేస్తే మనం ముందుకు పడతాం, బెలూన్ వెనక్కి పోద్ది. చానాసార్లు చూశా. ఇది కూడా తేలేదే కదా?"

గదిలో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నీళ్ళు బంతికన్నా బరువు. బస్సు ఆగితే నీళ్ళు ముందుకు తోసుకుపోతాయి, తేలికైన బంతిని వెనక్కి నెడతాయి. వేలాడే నట్టు త్వరణానికి ఎదురు వాలుతుంది, తేలే బంతి త్వరణం వైపే వాలుతుంది. నేను నట్టు సూత్రాన్ని తీసుకెళ్ళి బంతికి తగిలించాను. నా రిపోర్టులో ముందున్నవన్నీ వెనక్కి, కుడివన్నీ ఎడమకు మారాలి. మారిస్తే మిగిలేది ఒక్కటే. బ్రేకు వేసినప్పుడల్లా బస్సు ఎడమకు గుంజుతోంది. జనవరి నుంచి ఆ మనిషి చెబుతున్నది అదే.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ముప్పై మంది కళ్ళు నామీద ఉన్నాయి. నోరు తెరిచి, మళ్ళీ ఒకసారి పరిశీలించాలి అని మాత్రం అన్నాను. కరస్పాండెంట్ గారు ఆ ముక్కను పక్కన పెట్టేశారు. మేడమ్ రిపోర్టు ఇచ్చారు, బెలూన్ల కబుర్లు అక్కర్లేదు అన్నారు. వ్యాపారి అవునన్నాడు. భాయ్ జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం నుంచి రెండో రూటు డ్రైవరు ముందు ఆ బస్సును, తర్వాత తన బస్సును నడుపుతాడని ప్రకటించారు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. సీసాను పెట్టెలోంచి ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. బస్టాండు దాకా, మళ్ళీ వెనక్కి. పరికరాన్ని తయారుచేశాక, అది కదిలే బండిలో పనిచేస్తుండగా నా కళ్ళతో నేను చూడటం అదే మొదటిసారి. ఆటో బయలుదేరితే బంతి ముందుకు. ఆగితే వెనక్కి. ఎడమ సందులోకి తిరిగితే ఎడమకు. ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. మీకు ఒంట్లో బాగానే ఉందా అమ్మా అని అడిగాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

అనుమానమనేది అక్కడితో ఆగలేదు, దిశ మాత్రం మారింది. ఇప్పుడు కరస్పాండెంట్ గారిని అనుమానించడం మొదలుపెట్టాను. బ్రేకు సంగతి ఆయనకు తెలుసు. తెలిసే నన్ను ముందుకు తోశారా? నేరుగా ఆయన గదికి వెళ్ళి, బస్సు ఈ సాయంత్రం కదలకూడదు, ఎడమ చక్రం బ్రేకు పట్టేస్తోంది, నా రిపోర్టు తలకిందులు అని చెప్పాను. ఆయన డ్రాయరులోంచి నా రిజిస్టరు తీశారు. పేజీలు తిప్పి నా ముందు పెట్టారు. వరసగా శనివారాలు, వరసగా బ్రేకుల గడిలో టిక్కులు, వరసగా నా సంతకాలు.

"బస్సు బాగాలేదని మీరు బయటికి చెబితే, బాగుందని రాసింది కూడా మీరే కదా మేడమ్," అన్నారు.

బెదిరింపులా అనలేదు. జాలిగానే అన్నారు. పరీక్షలు ఇంకో పది రోజులు, అయిపోయాక నిశ్శబ్దంగా షెడ్డుకు పంపుదాం, మీకూ ఇబ్బంది ఉండదు అన్నారు. ఆయన మనసులో ముందునుంచీ ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. చెడ్డ మనిషని చెప్పలేను. రోజు గడిస్తే చాలనుకునే మనిషి. ఆ లెక్కన శనివారాల్లో నేను కూడా అలాంటి మనిషినే.

నాలుగింటికి బెల్లు కొట్టారు. నేను ఎనిమిదో తరగతి పాఠం ఉన్నపళాన ఆపి బస్సు దగ్గరికి వెళ్ళాను. రెండో డ్రైవరు అప్పుడే ఎక్కుతున్నాడు. తాళాలు ఇవ్వమన్నాను. సారు చెప్పారా అని అడిగాడు. నేను చెబుతున్నాను అన్నాను. ఇచ్చేశాడు, ఆయనకూ ఆ బండి ఎక్కడం ఇష్టం లేనట్టుంది. బస్సు తలుపు ముందు నిలబడ్డాను. పిల్లలు వరసలో వచ్చి ఆగిపోయారు. మీటింగు కోసం వచ్చి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళదామని ఊళ్ళోనే ఉండిపోయిన తల్లిదండ్రులు కొందరు గేటు దగ్గర ఉన్నారు. వాళ్ళూ చుట్టూ చేరారు.

క్లాసులో ఎంత పెద్ద పాఠమైనా తడబడకుండా చెప్పేదాన్ని. ఆ రోజు నాలుగు వాక్యాలు చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. పొద్దున నేను చూపించింది తప్పని చెప్పాను. బంతి వాలిన దిశను తిరగేసి చదివానని, డ్రైవరు చెప్పిందే నిజమని, ఈ బస్సు బ్రేకు చెడిపోయిందని చెప్పాను. అది చెడిందని ఆయన రెండుసార్లు నాతో చెప్పినా, బాగుందని నేను సంతకాలు పెట్టానని కూడా చెప్పాను.

ఎవరైనా నమ్ముతారనుకుంటే పొరపాటు. ముందు వరసలో కూర్చున్న వ్యాపారి నా ముందుకొచ్చాడు.

"పొద్దున ఒకటి చెప్తిరి, ఇప్పుడు ఒకటి చెప్తన్నారు. ఏంది మేడమ్ ఇది? ఆయనేమన్నా మీతో చెప్పిచ్చాడా?"

"లేదండీ. పొద్దున ఆయన నిజం చెప్పాడు, నాకు సిగ్గేసి ఒప్పుకోలేదు."

ఆయన నమ్మాడో లేదో తెలియదు. కానీ తన కొడుకు చెయ్యి పట్టుకుని మోటారు సైకిలు వైపు నడిచాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళు కదిలారు. కొందరు ఆటోలు మాట్లాడారు, కొందరు ఊళ్ళకు ఫోన్లు చేశారు. చివరి పిల్ల వెళ్ళేసరికి ఆరు దాటింది. బస్సు అక్కడే ఉండిపోయింది. కరస్పాండెంట్ గారు తన గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు, కిందికి రాలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చి ముందు ఎడమ చక్రం ఊడదీశాడు. నన్ను పిలిచి చూపించాడు. ఈసారి వంగి చూశాను. బ్రేకును తోసే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తొక్కితే ఒక్కసారిగా పట్టుకుంటుంది, వదలడానికి మొరాయిస్తుంది. దాని చుట్టూ పాత బురద గీకి, గుడ్డతో తుడిచి, గ్రీజు రాసిన ఆనవాళ్ళు ఉన్నాయి. ఎవరో దీన్ని రోజూ చూసుకున్నారు మేడమ్, లేకపోతే ఎప్పుడో పూర్తిగా పట్టేసేది అన్నాడు మెకానిక్. ఇంటర్వెల్లో బస్సు కింద నిద్రపోతున్నాడని మేము నవ్వుకున్న మనిషి అక్కడ ఏం చేసేవాడో అప్పుడు తెలిసింది.

ఆయమ్మ కట్టు విప్పాక స్కూలుకు వచ్చింది. ఫోను సంగతి మళ్ళీ అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"మోగింది అన్నానమ్మా. మాట్టాడుతున్నాడని నేనెప్పుడన్నా? ఆయన జేబులో అది మోగతానే ఉంది, తియ్యనే లేదు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆస్పత్రిలో ఆమె చెప్పిన మాట స్టాఫ్‌రూముకు వచ్చేలోపు మోగింది కాస్తా మాట్లాడాడు అయింది. ఆ దారిలో మాటను మోసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

బస్సుల బాధ్యత నానుంచి తీసేశారు. ఉద్యోగం తీయలేదు, పరీక్షల ముందు ఫిజిక్స్ టీచరు దొరకడం కష్టం. స్టాఫ్‌రూములో మాత్రం నేను లోపలికి వస్తే మాటలు ఆగేవి. తల్లిదండ్రులతో కుమ్మక్కయిందని కొందరు, కొత్త స్కూల్లో చేరడానికి ఇక్కడ గొడవ చేసిందని కొందరు అనుకున్నారు. నాకు నవ్వొచ్చేది. ఒకప్పుడు బస్సు కింద మనిషి గురించి మేము ఎలా మాట్లాడుకున్నామో, ఇప్పుడు నా గురించి అలాగే మాట్లాడుకుంటున్నారు. మరుసటి ఏడాది నరసరావుపేటలో వేరే స్కూలుకు మారాను, అక్కడే రిటైరయ్యాను.

భాయ్‌ని తిరిగి తీసుకుంటామని స్కూలు కబురు పంపింది. ఆయన రాలేదు. ఒక ఆదివారం నేనే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మసీదు వెనక సందులో చిన్న ఇల్లు. ఆయన భార్య తలుపు తీసి, నేనెవరో తెలుసుకుని ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత కుర్చీ వేసింది. ఆయన పత్తి మిల్లులో పనిచేసే ఆడవాళ్ళను తీసుకెళ్ళే వ్యానుకు కుదిరాడట. క్షమించమని అడిగాను. స్కూలుకు రమ్మని కూడా అడిగాను, నేనే కరస్పాండెంట్ గారితో మాట్లాడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పిల్లలు బాగున్నారా అని అడిగాడు. పెదవి చిట్లిన పిల్లవాడి గురించి పేరు పెట్టి అడిగాడు.

టీ తాగాక, వెళదామని లేచాను. అప్పుడు అన్నాడు.

"తప్పు రాశారని నాకు కోపం లేదు మేడమ్. సారు అడిగాడు, పేరెంట్స్ అడిగారు, రాశారు. బాటిల్లో బంతిని కూడా అడిగారు మీరు. నన్ను ఒక్కసారి అడగలా."

నిజమే. ఆయమ్మను అడిగాను, ఆటో ఎక్కి సీసాను అడిగాను, మెకానిక్‌ను అడిగాను. రెండేళ్ళు నా కిందే పనిచేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఏం జరిగిందని అడగలేదు. ఆయన నా గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పిన రెండుసార్లూ నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు ఏం జరిగింది భాయ్, మొదట్నుంచి చెప్పండి అన్నాను. ఇప్పుడెందుకు మేడమ్ అన్నాడు. నాకు వినాలని ఉంది అన్నాను. ఆయన భార్య కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది, ఆమె కూడా పూర్తిగా వినలేదట. ఆయన ఆ పొద్దున్నే బండి తీసేటప్పుడు ఎడమ చక్రం దగ్గర వచ్చిన కాలిన వాసనతో మొదలుపెట్టాడు.